బాంజో లోపల రాసిన పేర్లు

బజారులో డప్పులు బిగించే కొట్టు ముందు నుంచి వెళ్తే, తడిపిన మేకతోలు వాసనకు నా కాళ్లు ఆగిపోతాయి. ఖాజా భాయ్ గుర్తొస్తాడు. ఎనభైల్లో బహ్రెయిన్‌లో, సల్మాబాద్‌లోని చెక్కపని వర్క్‌షాపులో ఆయన మా ఫోర్‌మన్. నిజామాబాద్ మనిషి. నేను గోదావరి జిల్లా నుంచి వెళ్లిన వడ్రంగిని. దేన్నీ ఊరికే నమ్మే అలవాటు ఆయనకు లేదు. టేకని చెప్పి తెచ్చిన పలకనైనా గోరుతో గీరి, వాసన చూసి, తట్టి విన్నాకే రంపం పట్టనిచ్చేవాడు. మొదట్లో నన్నూ అలాగే చూశాడు.

ఒకరోజు మాకు వీసాలిచ్చిన యజమాని, మా కఫీల్ వెంట ఒక అమెరికన్ వచ్చాడు. బడిలో సంగీతం చెప్పే హెన్రీ సాబ్. దుప్పటి విప్పి పాత బాంజో ఒకటి బల్ల మీద పెట్టాడు. వెనక తెరిచున్న చెక్క వలయానికి మేకతోలు బిగించి, పొడవాటి దండి తగిలించిన వాయిద్యం. వీణకున్నట్టు మెట్లు లేవు. తీగలు గొర్రె పేగుతో పేనినవి. అమెరికా ఇంకా కొత్త దేశంగా ఉన్ననాటి పాటలు దాని మీద వాయిస్తాడట. ఇక్కడి ఉక్కకు దండి పగిలింది, అచ్చం ఇలాంటి బాంజోనే మరొకటి కావాలన్నాడు. వెళ్లబోతూ, “కొత్తగా మెరవకూడదు. టీ డికాక్షన్ పూసి, అంచులు అరగదీసి పాతదానిలా చెయ్యండి” అన్నాడు. నాకొచ్చిన కాస్త ఇంగ్లీషుతో ఆ మాట భాయ్‌కి చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది.

“జూసినవా తమ్మీ? కొత్తదాన్ని పాతదని అమ్ముకుంటడు. రేపు పోలీసులొస్తే ఆయన విమానమెక్కుతడు, మనం లోపలికి పోతం.”

“ఆయన కఫీల్ దోస్తు, భాయ్. కాదంటే మన పని ఖలాస్.”

ఆ భయం వెనక కథ అప్పుడు చెప్పాడు. మునుపు మనామాలో ఆయన చేసిన పెట్టెను యజమాని పురాతనమైనదని అమ్మాడట. గుట్టు బయటపడ్డాక ఠాణాలో కూర్చున్నది ఈయనే. అది విన్నాక నాకూ అనుమానం పట్టుకుంది. పని చూడ్డానికి వచ్చిన హెన్రీ సాబ్ కొలతలు రాసుకుంటే ఎందుకని, ఫోటో తీస్తే ఎవరికని చూసేవాణ్ణి.

కొత్త బాంజోకు తోలు బిగించే ముందు భాయ్ వలయం లోపలి వైపు పెన్సిల్‌తో ఉర్దూలో తన పేరు, సంవత్సరం రాశాడు. కింద నా పేరు తెలుగులో రాయించాడు. “ఎవడన్న తిరగేస్తే నిజం బయటపడాలె.”

తీసుకెళ్లడానికి వచ్చిన రోజు ముందుగా తిరగేసింది హెన్రీ సాబే. ఇదేమిటని అడిగాడు. నేను భాయ్ వైపు చూశాను.

“చెప్పు తమ్మీ, ఉన్నదున్నట్టు చెప్పు” అన్నాడు భాయ్.

అవి మా పేర్లని, దీన్ని పాతదని ఎవరైనా అమ్మితే నిజం బయటపడాలని రాశామని చెప్పాను. హెన్రీ సాబ్, పాతదాని లోపల తాను టార్చి వేసి వెతికానని, ఏ పేరూ లేదని అన్నాడు. “వీటిని మొదట చేసింది ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు. వాళ్ల పేర్లు ఎవరూ అడగలేదు. మీవి ఉండనివ్వండి. పాతగా చెయ్యమన్నది, పాట వినే పిల్లలకు ఆ కాలం కనబడాలని.”

భాయ్ కరగలేదు. “పెన్సిల్ రాత తుడిస్తే పోతది” అంటూ మేకు ఎర్రగా కాల్చి, అక్షరాల వెంట చెక్కను కాల్చాడు. హెన్రీ సాబ్ నవ్వి, వలయాన్ని కదలకుండా పట్టుకున్నాడు. ఆ తర్వాత పలకల మీద కూర్చుని వాయించాడు. గోరు తీగల మీదికి దిగుతుంటే బొటనవేలు పక్కనున్న పొట్టి తీగను మీటేది. రంపాలు ఆగాయి. భాయ్ తల వంచి విన్నాడు. “దండి గట్టిగనే ఉన్నది” అన్నాడంతే.

మరుసటి ఏడు హెన్రీ సాబ్ వెళ్లిపోయాడు. “అమ్మే ఉంటడు” అనేవాడు భాయ్. నిజమేమిటో మాకు తెలియలేదు. ఆయన అనుమానం నాకూ మిగిలింది గాని, అది వేరే దారి పట్టింది. ఇప్పుడు ఏ వస్తువు చేతికొచ్చినా తిరగేసి, చేసిందెవరని అడుగుతాను. చాలాసార్లు అమ్మేవాడు తెలియదంటాడు. అయినా అడుగుతాను.