జీలకర్ర పొట్లంలో పోయిన చట్టం

తాడేపల్లిగూడెంలో కిరాణా కొట్టు కృష్ణమోహన్‌గారికి ఒక్కటే పిచ్చి: లేని లోకానికి చట్టాలు చెప్పడం. ఉన్న లోకంలో కందిపప్పు ధర అడిగితే భార్య రత్నాంబగారి వంక చూసేవారు గానీ, ఆ లోకంలో రాక్షసుడి ఒంట్లో ఎంత బలముందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు.

ఈ పిచ్చి ఆయనకు ఏలూరు నుంచి బస్తాలో వచ్చింది. పొట్లాలకని కొన్న చిత్తుకాగితాల్లో ఒక ఇంగ్లీషు పుస్తకం ఉంది. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని, తలొక వేషం కట్టుకుని, నోటితోనే సాహసాలు చేసే ఆట అది. గెలిచారో ఓడారో పాచిక తేలుస్తుంది. ఆయన కంటబడేసరికే పుస్తకం ముందు సగం ఆవాలు, జీలకర్ర పొట్లాలై పెంటపాడు, అత్తిలి వంటిళ్లకు చేరిపోయింది. పోయిన సగాన్ని ఆయనే సొంతంగా తయారుచేసుకున్నారు. ఇరవై ముఖాల పాచిక గూడెంలో ఎక్కడ దొరుకుతుంది? చింతపిక్కల మీద అంకెలు వేసి టీపొడి డబ్బాలో పోశారు.

కాన్వెంటులో ఇంగ్లీషు చెప్పే కెజియా సరుకులకని వెళ్లి ఈ ఆటలో ఇరుక్కుంది. ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూసేశాక ఆట.

"ఆ లోకంలో డాక్టర్లుండరమ్మా," అనేవారు కృష్ణమోహన్‌గారు.

"అదేంటి బాబాయిగారూ?"

"రాత్రి నిద్రపోతే ఎంత గాయమైనా తెల్లారేసరికి మానిపోవాలని రూలు. ఇంక డాక్టరుతో పనేముంది? నులకమంచాలు అల్లేవాళ్లే అక్కడ కోటీశ్వరులు."

"మేడలకు మెట్లు కూడా ఉండవన్నారు?"

"అనుభవం గడించినవాడు ఎంత ఎత్తునుంచి పడ్డా దులుపుకుని లేస్తాడు. చుట్టాలొస్తే ఇంటాయన కిటికీలోంచి దూకి ఎదురొస్తాడు."

"మరి అత్తాకోడళ్లో?" అన్నారు రత్నాంబగారు.

"అంతా వంతు ప్రకారమే. అత్త ఒక మాటని ఆగాలి, కోడలు ఒక మాటనాలి. వంతు రానిదే ఎవరూ నోరు మెదపకూడదు."

"ఏవండీ, ఆ ఊరికి బస్సుందా?"

ఇవన్నీ ఏ పేజీలో ఉన్నాయని అడిగితే ఒకటే జవాబు: "ఆ పేజీలో జీలకర్ర పొట్లం కట్టేశామమ్మా." కానీ ఉన్న పేజీ విషయంలో మాత్రం బ్రహ్మరుద్రాదులు దిగివచ్చినా ఆయన మాట మారదు. ఆటలో రత్నాంబగారిది రాణి వేషం; ఒకసారి ఆ రాణి శాపం తగిలి రాయైపోయింది. పేజీలో ఉంది, అంతే. నెల్లాళ్లపాటు ఆవిడ ఆటలో రాయిగానే కూర్చున్నారు. ఆ నెల్లాళ్లూ ఆయనకు కాఫీ అందలేదు. "రాయి కాఫీ పెట్టదండీ," అన్నారావిడ.

కెజియా ఇంట్లో మాత్రం ఆ ఏడాది నవ్వన్నది లేదు. కొల్లేరులో చేపల చెరువుల గట్లను సర్కారు కొట్టేసిన ఏడాది అది. తండ్రి విశ్వాసంగారి చెరువూ అందులో కలిసిపోయింది. ఆయన కూతురి దగ్గరకు గూడెం వచ్చేశారు గానీ మాటలన్నీ అక్కడే వదిలేసి వచ్చారు. పిలిస్తే పలకరు, పెడితే నాలుగు మెతుకులు కతికి లేచిపోతారు. గోడవైపు తిరిగి పడుకున్న ఆ వీపును చూస్తే కెజియాకు భయమేసేది. మనిషి ఇలాగే పోతాడేమోనని ఏడ్చేది.

ఒక ఆదివారం ఆయన్ని బలవంతాన ఆటకు వెంట తీసుకెళ్లింది. కృష్ణమోహన్‌గారు పరామర్శలేమీ చెయ్యలేదు. "మా లోకంలో మీరెవరండీ?" అని అడిగారు.

విశ్వాసంగారు నోరు విప్పారు. "పడవవాణ్ణండి."

"సరస్సు ఉందండి మాకు. దానికి ఎవరూ గట్టు వెయ్యరు, ఎవరూ కొట్టరు. అది రూలు."

"ఏ పేజీలో ఉంది బాబాయిగారూ?" అంది కెజియా.

"జీలకర్ర," అన్నారాయన, తలెత్తకుండా.

అప్పటినుంచి విశ్వాసంగారు వారమంతా గోడనే చూసినా, ఆదివారం మధ్యాహ్నం మాత్రం చొక్కా మార్చుకునేవారు. కెజియాకు అదే కొండంత.

వానాకాలంలో ఒక ఆదివారం ఆ కాస్తకీ ముప్పొచ్చింది. సరస్సులో రాకాసి లేచింది. అందరినీ ఒడ్డుకు దింపి పడవవాడు ఒక్కడే తెడ్డుతో ఎదురు నిలిచాడు. విశ్వాసంగారు డబ్బాలో చెయ్యిపెట్టి పిక్క తీశారు. ఒకటి! అన్నిటికన్నా చిన్న అంకె. పడవవాడు చచ్చిపోయాడు.

"అంతేనండి. నా చెయ్యే అంత," అంటూ ఆయన లేచి చెప్పుల కోసం చూశారు.

కెజియా గబగబా పుస్తకం లాక్కుంది. బతికించే దారి ఉంటుందేమోనని పేజీలు తిప్పింది, దొరికిన వాక్యాన్ని క్లాసులో చదివినట్టే పైకి చదివి తెలుగు కూడా చెప్పేసింది: "ప్రాణం పోయినవాడు తిరిగి రాడు. ఆటగాడు బల్ల దగ్గర నుంచి లేచిపోవాలి." చెప్పాక గానీ తనేం చేసిందో తెలియలేదు. ఈ పేజీ జీలకర్రకు పోకుండా ఎందుకు మిగిలిందిరా దేవుడా అనుకుంది.

"ఏదీ, ఇలా ఇవ్వమ్మా." కృష్ణమోహన్‌గారు కళ్లజోడు పెట్టుకుని చదివారు. మళ్లీ చదివారు. ఆ పుస్తకానికి ప్లాస్టిక్ అట్ట వేసి, చేతులు కడుక్కుని గానీ ముట్టని మనిషి, ఆ పేజీని పర్రున చింపేశారు. పొట్లంగా చుట్టి, పటికబెల్లం డబ్బాలోంచి గుప్పెడు పోసి, దారం కట్టి విశ్వాసంగారి చేతిలో పెట్టారు.

"ఏ పేజీ అన్నావమ్మా?"

రత్నాంబగారే అందుకున్నారు. "ఏ పేజీ ఏంటండీ, అందులో పటికబెల్లం కట్టేశాంగా! నన్ను మాత్రం నెల్లాళ్లు రాయిని చేశారు."

విశ్వాసంగారు పొట్లంతోనే మెల్లగా కూర్చుని, విప్పి, ఒక ముక్క నోట్లో వేసుకున్నారు.

"చావే లేకపోతే జనం పెరిగిపోరండీ? ఎక్కడ పడతారు?" అన్నారు రత్నాంబగారు.

"పడవలో. విశ్వాసంగారున్నారుగా," అన్నారు కృష్ణమోహన్‌గారు.

విశ్వాసంగారు బుగ్గన పటికబెల్లంతోనే, ఎన్నాళ్లకో గొంతు పెంచి కసిరారు.

"అందరూ ఒక్కసారే మీద పడకండి! వంతు ప్రకారం ఎక్కండి."