బానెట్ మీద అరచెయ్యి

అందరూ బాగున్నారా? పెద్దవాళ్ల మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? పిల్లలకు దగ్గు తగ్గిందా? బండ్ల మీద కొంపల్లి దాకా పనులకు పోయేవాళ్లు పొద్దుగూకేసరికి ఇల్లు చేరుతున్నారా? ఇట్లా ఒక్కొక్కరినీ అడగందే నాకు ముద్ద దిగదు. మేడ్చల్‌లో ఉండే మా మరిదిని కూడా రోజూ ఫోన్‌లో అడిగేదాన్ని. "మంచిగనే ఉన్న వదినె" అనేవాడు. పోయిన నెల ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు. గుండె ఆగిందన్నారు.

వయసులో ఉన్నప్పుడు ఆయన మేడ్చల్ స్టేషన్ దగ్గర అంబాసిడర్ టాక్సీ నడిపేవాడు. ఆయన భార్య, మా తోటికోడలు, కొత్తపెళ్లికూతురుగా ఆ కారులోనే వచ్చింది. ఇల్లు కట్టేటప్పుడు దాన్ని అమ్మేశారు. మళ్లీ అట్లాంటిదే కొని ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టుకోవాలని ఆయన కోరిక. దూరపు ఊళ్లలో అమ్మకానికున్న పాత కార్ల ఫొటోలు ఫోన్‌లో వస్తే చూసేవాడు. కానీ ఫొటోను ఎన్నడూ నమ్మలేదు. స్వయంగా పోయేవాడు.

కారు చూడటానికి బయల్దేరే ముందు శామీర్‌పేటలో మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చునేవాడు.

"ఇగ నీ భయాలు చెప్పు వదినె."

"దొంగబండి అయితే ఎట్ల? నడుస్తుంటే తలుపు ఊడితే? కింద తుప్పు పట్టి తూటు వడితే?"

"జర మెల్లగ! అన్నీ యాదుండాలె గద."

ఇంట్లో అందరూ నా భయాలకు విసుక్కుంటారు. ఆయన మాత్రం వాటిని వెంట తీసుకుపోయేవాడు. ఒకసారి అక్కడినుంచే ఫోన్ చేశాడు. "వదినె, నువ్వన్న తూటు గీడ్నే ఉన్నది! కాళ్ల కింది పట్టా లేపితే రోడ్డు కనవడ్తాంది. గీ బండిని కాళ్లతోనే నడిపియ్యాలె."

జేబులో రుమాలు చుట్టిన అయస్కాంతం ఉండేది. తుప్పు మీద లప్పం పూసి రంగేసిన చోట అది అంటుకోదు, జారిపోతుంది. రుమాలు ఎందుకంటే, కొన్నా కొనకపోయినా ఎదుటివాళ్ల కారుకు గీత పడొద్దని.

అన్నిటికంటే ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టేవాడు. మనం రాకముందే నడిపి వేడి చేస్తే మొరాయించే ఇంజను కూడా వెంటనే లేస్తుందట. చల్లబడ్డాక ఎంత సతాయిస్తుందో కొనేవాడికి కనబడదు. ఒక ఊళ్లో చెయ్యి పెట్టి, ఇచ్చిన చాయ్ తాగి, తిరిగి వచ్చేశాడు. "దానికి జరమున్నది వదినె. మనకు దాస్తుండ్రు" అన్నాడు.

ఛాతీలో నొప్పిని ఆయన కూడా దాచాడని పోయాకే తెలిసింది. రోజూ అడిగిన నాకు కూడా చెప్పలేదు.

నాందేడ్‌లో ఒక తెల్ల అంబాసిడర్ ఉందని, చూసి రావడానికి టికెట్ తీసుకున్నాడు. ఆ రైలు ఎక్కనే లేదు. మొన్న ఆ కారాయన మరిది ఫోన్‌కు చేశాడు, వేరేవాళ్లు అడుగుతున్నారట. నేను పక్కనే ఉన్నాను. మా తోటికోడలు కళ్లు తుడుచుకుని, "నేనొచ్చి సూస్త. గప్పటిదాంక బండి స్టార్ట్ జెయ్యకున్రి" అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వు గూడ రా అక్కా."

"నాకేం దెలుసే? రైలెక్కితేనే నా పానం సగం పోతది."

"భయపడుడు తెలుసు గద. గదే గావాలె. ఆయన గూడ గదే అడుగుతుండె."

అయస్కాంతం రుమాలుతో సహా నా కొంగుకు ముడివేసుకున్నాను. రైల్లో సీటు దొరుకుతుందో లేదో, ఆ ఊళ్లో ఎండ ఎట్లా ఉంటుందో అని ఇప్పటినుంచే పరేషాన్. బానెట్ మీద మొదటి చెయ్యి మాత్రం ఆమెనే పెట్టమన్నాను. అది చల్లగా ఉండాలని మొక్కుకుంటున్నాను. బుధవారం నెల మాసికం. శుక్రవారం పొద్దుటి రైలుకు మేడ్చల్‌లో ఎక్కుతున్నాం.