బీడుకు కాపలా

పెద్దాయన ఇప్పటికీ చీకటితోనే లేచి, పార భుజాన వేసుకుని పొలానికి వెళ్తాడు. అక్కడ పనేం లేదు. మూడేళ్లు ఏ పంటా వేయకుండా బీడు పెడితే ప్రభుత్వం డబ్బిస్తుంది. ఇంట్లో పొయ్యి వెలిగేది దానితోనే. గట్టు మీద కూర్చుని మట్టిగడ్డలు చిదుపుతుంటాడు. మొన్నటి వానకు, ఎప్పుడో రాలిన గింజలు వాటంతటవే మొలిచాయి. “రేపు తనిఖీకి వస్తున్నారు మామయ్యా, ఒక్క మొక్క కనబడ్డా డబ్బు ఆపేస్తారట,” అంది కోడలు. ఆయన రోజంతా వంగి పీకాడు. చేతులకేం తెలుసు? నాటబోయే నారు తీసినట్టు, ఒక్క వేరూ తెగకుండా తీసి కట్టలు కట్టాయి. పారకు చాన్నాళ్లకు పని దొరికింది: గుంట తవ్వి ఆ కట్టలన్నీ పూడ్చాడు. మర్నాడు అధికారి పొలమంతా తిరిగొచ్చి భుజం తట్టాడు. “శభాష్ పెద్దాయనా! పొలమంటే ఇలా ఉండాలి.” యాభై ఏళ్ల సేద్యంలో ఒక అధికారి ఆయన్ని మెచ్చుకోవడం అదే మొదటిసారి.