యుద్ధాలాయన పట్టుకుపోయిన క్యాసెట్

కువైట్ మీద ఇరాక్ పడ్డ ఏడు మేము ఒమన్‌లో, అల్ ఖౌద్ దగ్గర కట్టుబడి పనిలో ఉన్నాం. ఒమన్‌లో యుద్ధం లేదు. ఎండ ఉంది, సిమెంటు ఉంది, పొద్దున లేస్తే డ్యూటీ ఉంది. అట్లాంటి చోటికి ఒక అమెరికా విలేకరి యుద్ధం వెతుక్కుంటూ వచ్చాడు. కువైట్ వైపు పోయే కాగితాలు రాక, మస్కట్ హోటల్లో కూర్చుని విసుగుపుట్టి మా సైట్ మీద పడ్డాడు.

అరవైకి దగ్గర పడ్డ మనిషి. ఒంటి నిండా జేబుల కోటు. మేము మారిన కంపెనీలు చెప్పుకున్నట్టు ఆయన చూసిన యుద్ధాలు చెప్పుకునేవాడు: వియత్నాం, బీరూట్, అఫ్గనిస్తాన్. ఎక్కడ మంచి ఫొటోలు దొరికాయో కూడా చెప్పాడు. ఎవరు గెలిచారని అడిగిస్తే, అది తన డ్యూటీ కాదన్నాడట. ఆయన మాట మాకు, మా మాట ఆయనకు చెప్పేది హైదరాబాదు ఫోర్‌మన్. నేను సగం లేపిన గోడ ముందర, ఇనుప చువ్వలు పొడుచుకొచ్చిన చోట, యుద్ధం టోపీ పెట్టుకుని ఫొటో దిగాడు. చూసినవాళ్లు అది బాంబు పడి కూలిన గోడే అనుకుని ఉంటారు.

మా రూమ్‌లో ప్లాస్టరింగ్ చేసే కడప తమ్ముడు ఒకడుండేవాడు. అతని పెండ్లాం కువైట్‌లో ఒక అరబ్బు ఇంట్లో వంటమనిషి. సైన్యం దిగిన నాటి నుంచి ఆమె బతికి ఉందో లేదో తెలీదు. తమ్ముడికి ముద్ద దిగేది కాదు.

ఒక సాయంత్రం అమెరికాయన రూమ్‌కొచ్చి, టేపురికార్డరు మధ్యలో పెట్టి మాట్లాడమన్నాడు. అప్పటికి మాలో చాలామందికి అక్షరం రాదు, నాకూ రాదు. ఇంటికి కబురంటే క్యాసెట్టే. సెలవు మీద పోయేవాడి చేతికిస్తే ఊళ్లో అందించేవాడు. టేపు పెట్టి మాట్లాడమంటే మేము ఇంకేమనుకుంటాం? పైగా ఈయన పోయేది కువైట్‌కే. తమ్ముడు గొంతు సవరించుకుని పెండ్లాంతో మాట్లాడాడు. తింటున్నావా అన్నాడు, పది మంది ఆడోళ్లతో కలిసి బయటపడమన్నాడు, మధ్యలో ఏడ్చాడు. అమెరికాయన తలూపుతూ ఫొటో తీశాడు, క్యాసెట్ జేబులో వేసుకున్నాడు. తమ్ముడు ఆయన చెయ్యి పట్టుకుని ఆమె ఉండే పేట చెప్పాడు. ఫోర్‌మన్ ఏమని చెప్పాడో గానీ, ఆయన సరే సరే అన్నాడు. ఆ పూట తమ్ముడు కడుపు నిండా తిన్నాడు.

నెలలు గడిచాయి. యుద్ధం కూడా అయిపోయింది. సెలవు నుంచి తిరిగొచ్చిన మనిషి ఒక క్యాసెట్ తెచ్చాడు. ఆమె గొంతే. జోర్డాన్ దాకా ఎడారిలో పడి వచ్చి, విమానమెక్కి బొంబాయిలో దిగి, ఎప్పుడో కడప చేరిందట. "నోట్లో మన్ను పోసుకున్యావా? నేనక్కడ చస్తాంటే ఒక్క మాట పంపలేదే," అంది. మేమంతా నవ్వాం. తమ్ముడు నవ్వలేదు.

ఆ వారంలోనే అమెరికాయన సొంత ఊరికి పోతూ మళ్లీ వచ్చాడు. చేతిలో పేపరు, అందులో తమ్ముడి ఏడుపు ముఖం. తన నెత్తిన బాంబులు పడతాయని భయపడి ఏడుస్తున్న కూలీ అని రాశాడట. క్యాసెట్ ఏదని అడిగిస్తే, అమెరికాలో తమ ఆఫీసులో భద్రంగా ఉందన్నాడు.

"నా పెండ్లాం కువైట్‌లో ఉంటే నా గొంతు అమెరికాకు యాల పంపినాడో అడుగు సామీ," అన్నాడు తమ్ముడు.

ఫోర్‌మన్ అడగలేదు. థాంక్యూ అంటున్నాడని చెప్పాడు. ఆ మాత్రం ఇంగ్లీషు మాకూ తెలుసు.

అమెరికాయన పొంగిపోయి, ఇప్పుడెలా ఉందో చెప్పమని మళ్లీ టేపు పెట్టాడు. తమ్ముడు ముందుకు జరిగి కూర్చున్నాడు. పోయినసారి మాట పంపానని, ఈ మనిషే చేర్చలేదని పెండ్లాంకు పూస గుచ్చినట్టు చెప్పాడు. చెప్పి, మూత తెరిచి క్యాసెట్ తీసి తన చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఇది నేనే పంపుకుంటా."

అమెరికాయన చెయ్యి చాచాడు. రూమ్‌లో ఉన్నవాళ్లమంతా లేచి నిలబడ్డాం. అన్ని యుద్ధాలు చూసినవాడు గదా, ఎప్పుడు వెనక్కి తగ్గాలో తెలుసు.

సెలవు మీద పోయేవాడితో కడపకు పంపిన ఆ క్యాసెట్ రెండో వైపు, అమెరికాయన అంతకుముందు పట్టిన ఎవరో మిలిటరీ దొర మాటలున్నాయి. ఆమె తన జవాబు ఆ వైపే నింపి పంపింది. రూమ్‌లో పెట్టుకుని విన్నాం. దొర ఇంగ్లీషులో గంభీరంగా ఏదో మొదలుపెట్టి టక్కున ఆగిపోయాడు. ఆమె అందుకుంది.

"సరే, నమ్మినాలే. ఆ ఇంటోళ్లే మళ్లా వీసా పంపినారు. వచ్చే నెల కువైట్‌కు పోతాండా."

తమ్ముడు టేపు వెనక్కి తిప్పి ఆ మాట ఇంకోసారి విన్నాడు.