బాపు కోటు

మా ప్రహరీ గోడకు సున్నం వేసిన మనిషి ఒక్క పూత చాలన్నాడు. చాలలేదు. వానకు తడిసినప్పుడల్లా పాత ఎన్నికల గుర్తు పైకి తేలుతోంది; డిపాజిట్టు పోగొట్టుకున్న ఆ అభ్యర్థికి కోరుట్ల మొత్తంలో నిలకడగా మిగిలిన చోటు మా గోడ ఒక్కటే.

ఈ బాధ చెప్పుకుంటే, ట్యాబ్ మీద బొమ్మలు వేయడం కొత్తగా నేర్చుకుంటున్న మా చిన్నబిడ్డ, తన కష్టమూ అదేనంది. ఒపాసిటీ అంటే రంగు చిక్కదనమట. కిందిది ఎంత కనబడాలో, ఎంత దాగాలో అదే తేలుస్తుందట. తను వేస్తున్నది వాళ్ల తాత, అంటే మా బాపు బొమ్మ. పెగడపల్లిలో కల్లు గీయడానికి తాళ్లెక్కిన బాపుకు ఉన్నది ఒకటే ఫొటో, అదీ చెమ్మ పట్టి చెడింది. కంటి ఆపరేషనయ్యాక మా అమ్మ, అదే మా అవ్వ, చూపు వచ్చింది గానీ చూడవలసిన మొహం పోయిందని అలిగి కూర్చుంది.

డిగ్రీ అయ్యాక, చదువుకు తగిన ఉద్యోగం దొరికేదాకా అనుకుని నేను జగిత్యాలలో ఒక ఫొటో స్టూడియోలో చేరాను. ఆ ఉద్యోగం నా కోసం ఇంకా వెతుకుతూనే ఉండాలి. నలుపు తెలుపు ఫొటోలకు రంగులద్దడం మా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. మా ఉస్తాదు నీళ్లలాంటి రంగును బ్రష్షు కొసకు తీసుకుని, ముందు తన గోరు మీద చూసుకుని, చెంప మీద ఒక పూత, అది ఆరాక మరో పూత వేసేవాడు; చేయి తొందరపడితే ముదురు మచ్చ, దానికిక తిరుగులేదు. సిరిసిల్ల నుంచీ కథలాపూర్ నుంచీ వచ్చినవాళ్లు, పోయినవాళ్ల ఫొటోకు కోటు తొడగమనేవారు. బాపు పోయినప్పుడు ఉస్తాదు మేం అడగకుండానే ఆ ఒక్క ఫొటోకు నల్లకోటు తొడిగి, బుగ్గలకు గులాబీ రంగద్ది ఇచ్చాడు; దాన్నే ఇంట్లో గోడకు తగిలించాం. అంత చక్కగా కుదిరిన కోటును నేను మళ్లీ ఏ ఒంటి మీదా చూడలేదు.

మా బిడ్డ మొదట బ్రష్షు ఒపాసిటీ తగ్గించి చెంప దిద్దింది. పెన్ను ఎత్తి మళ్లీ ఆనించిన చోటల్లా చారలు తేలాయి.

"బ్రష్షుకు తగ్గిస్తే గీత మీద గీత వడ్డకాడల్ల మల్ల చిక్కగైతది డాడీ. లేయరుకు తగ్గిస్తే అంత ఒక్కతీరుగ పల్చబడ్తది."

అందుకని చెంప రంగును వేరే లేయరు మీద, అంటే బొమ్మపై పరిచిన విడి పొర మీద, నిండుగా వేసి, తర్వాత ఆ లేయరు మొత్తాన్ని పలచన చేసింది. ఎక్కడా మచ్చ లేదు. ఉస్తాదు ఊపిరి బిగబట్టి సాధించినదాన్ని తను తెర మీది మీటను వేలితో జరిపి సాధించింది. ఎక్కువైతే వెనక్కీ జరుపుకోవచ్చు. మా కాలంలో వెనక్కి జరుపుకోగలిగింది కుర్చీ ఒక్కటే.

అవ్వను అడిగి తెలుసుకుని బాపు భుజాన్ని, దాని మీది తువ్వాలను ముందు కింద వేసి, పాత ఫొటోలోలాగే కోటును పై లేయరులో తొడిగింది. నిన్న ట్యాబును అవ్వ ఒళ్లో పెట్టి, ఆ కోటు లేయరును మెల్లగా తగ్గిస్తూ పోయింది. గుండీలు పోయాయి, కాలరు పోయింది. ఎండకు కమిలిన భుజంతో బాపు మిగిలాడు. ఆ రోజుల్లో మనిషి మీద ప్రేమ ఉంటే ఒక పూత ఎక్కువ వేసేవాళ్లం. ఇప్పటి పిల్లలకు తీసేయడమూ తెలుసు. ఉస్తాదు ఉంటే చూపించేవాణ్ణి.

అవ్వ నా వైపు తిరిగింది.

"గీయిననే నాకెర్క. గిన్నేండ్లు గా కోటాయనకు నాతోని దండమెందుకు పెట్టిచ్చిండ్రు?"