రక్తంలోనూ పోటీయే

మా మేనమామకు రక్తపరీక్ష అంటే ఆటల పోటీ. ఆటగాళ్లు ఇద్దరే: ఆయన, మా అత్తయ్య.

వృత్తికి దర్జీ అయినా కుదురుగా కూర్చోవడం ఆయన జాతకంలోనే లేదు. నాలుగు కుట్లు వేస్తాడు, లేస్తాడు, వీధిలోకి తొంగి చూస్తాడు, మళ్లీ కూర్చుంటాడు. అలాంటి మనిషి ఆర్నెల్లకోసారి అత్తయ్యను వెంటబెట్టుకుని ల్యాబుకు పరుగెత్తేవాడు. సూది చూస్తే ఒళ్లంతా చెమటలు. కళ్లు గట్టిగా మూసుకుని "అయిందా? అయిందా?" అంటూనే ఉంటాడు.

"ఇంకా గుచ్చనే లేదండీ" అంటుంది ల్యాబు అమ్మాయి.

రిపోర్టులు రాగానే బట్టలు కత్తిరించే బల్ల మీద పక్కపక్కన పరుస్తాడు.

"చూశావా, హిమోగ్లోబిన్‌లో నేనే గెలిచాను!"

"మగాళ్లకు ఎక్కువే ఉంటుందట. అదేం గొప్ప?"

"ఓడిపోయినవాళ్లంతా ఇలాగే అంటారు."

"అయితే ఈసారి చూద్దాం!"

ఆ పౌరుషమే లేకపోతే అత్తయ్య ల్యాబు గడప తొక్కేది కాదు. మెట్లెక్కి ఆయాసపడుతూ కూడా "నాకేం, దుక్కలా ఉన్నాను" అనే రకం.

మొన్న తెల్లకణాల్లో ఇద్దరూ సమానంగా వచ్చారు. మామయ్యకు నిద్ర పట్టలేదు. పోటీ అన్నాక ఎవరో ఒకరు గెలవాలి కదా! తీర్పు చెప్పించుకోవడానికి అత్తయ్యనూ, తోడుగా నన్నూ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాడు.

ఆవిడ పాత రిపోర్టులు కూడా తిరగేసింది. "అంకె ఒకటే అయినా ఆడవాళ్లలో, మగవాళ్లలో దాని అర్థం ఒకటే కానక్కర్లేదు. మీకు ఎప్పుడూ ఇంతే. ఆవిడకు మాత్రం ఏటేటా పెరుగుతోంది, దాంతోపాటు షుగరూ పెరుగుతోంది. ఆయాసం కూడా అంటున్నారు. గుండె పరీక్ష ఇవాళే చేయిద్దాం."

"అంటే, నా కొలతలతో ఆవిడకు బట్టలు కుట్టినట్టా?"

"అచ్చంగా అంతే."

అత్తయ్య మొహం పాలిపోయింది. ఆవిడను లోపలికి తీసుకెళ్లాక మామయ్య వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాడు. నాకూ భయం వేసింది.

చివరికి డాక్టరమ్మ అత్తయ్యతో కలిసి నవ్వుతూ వచ్చింది. గుండెకు ఇంకా ఏమీ కాలేదట. మందులూ నడకా ఇప్పుడే మొదలుపెట్టాలట. "మంచి సమయానికి తీసుకొచ్చారు. అన్నట్టు, మీకే జబ్బూ లేదు కదా, ఇన్నిసార్లు మీకెందుకండీ పరీక్షలు?"

మామయ్య తల గోక్కున్నాడు. "నాకక్కర్లేదండీ. ఊరికే రమ్మంటే ఇది రాదు. పోటీ అంటే లేచొస్తుంది."

సూదంటే వణికే మనిషి ఇన్నేళ్లుగా చెయ్యెందుకు చాచాడో అప్పటికి గానీ నా బుర్రకు ఎక్కలేదు. ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది.

అత్తయ్య ఆయన చెయ్యి పట్టుకుంది. "ఇకమీదట నేనొక్కదాన్నే గుచ్చించుకుంటాను. మీరు పక్కన కుదురుగా కూర్చోండి, చాలు."

"కుదురుగానా?" మామయ్య అదిరిపడ్డాడు. "దానికన్నా సూదే నయమే!"