ఆరో తరగతి ‘ఇ’ సెక్షన్‌లో ఇంకో గౌరి

మా చిన్నప్పుడు... హైస్కూల్లో చేరిన మొదటి రోజు, వరండా గోడకు అతికించిన జాబితాల్లో నా పేరు వెతుక్కుంటూ నిలబడ్డాను. ముందురోజు వాన జల్లుకి సిరా కరిగి సగం పేర్లు కిందికి జారిపోయాయి. నా పేరు ఎక్కడా కనబడలేదు...

అంతకు ముందు గజపతినగరం దగ్గర మా పల్లెలో చదివాను. బడంతా కలిపి నలభైమందిమి, ఒక్కరే మాస్టారు. నాన్నకి జూట్ మిల్లులో పని దొరికి విజయనగరం శివారుకి వచ్చేశాం. ఇక్కడ ఆరో తరగతికే అయిదు సెక్షన్లు. ఇనప పట్టా మీద గంట కొడితే వెయ్యిమంది పిల్లలు తలో వైపు పరుగు... ఎటు వెళ్ళాలో నాకు తప్ప అందరికీ తెలుసనిపించింది.

లీడరట, పదో తరగతి అక్క ఒకామె నా జబ్బ పట్టుకుంది.

"నీ పేరేటే?"

"గౌరి."

"‘ఇ’ సెక్షన్లో గౌరి ఉన్నాది. ఎల్లి కూకో!"

వెళ్ళి కూర్చున్నాను. మా క్లాస్ టీచర్ సరోజిని మేడమ్ హాజరు పిలుస్తూ "నలభై మూడు, గౌరి" అన్నారు. "ప్రెజెంట్ మేడమ్" అన్నాను. హమ్మయ్య అనుకున్నాను.

పదిరోజుల తరువాత పాఠ్యపుస్తకాలు పంచారు. తీసుకున్నట్టు సంతకం పెట్టమని మేడమ్ కాగితం నా ముందుకు జరిపారు. అక్కడ ఉన్న పేరు... యడ్ల గౌరి, తండ్రి అప్పలస్వామి.

నేను పొట్నూరు గౌరిని. మా నాన్న పేరు సూర్యనారాయణ.

చెబుదామనే నోరు తెరిచాను. వెనక పెద్ద వరస... "వేగిరం కానీయే" అన్నారు మేడమ్. సంతకం పెట్టేశాను.

ఆ రోజు నుంచి పొద్దున్న చద్దన్నం సగంలోనే వదిలేసేదాన్ని. దొంగ సంతకం పెడితే పోలీసులు పట్టుకుపోతారని ఎవరో అనగా విన్నాను. "బడి ఎలగున్నాదే?" అని అమ్మ అడిగితే, "బాగున్నాది" అనేదాన్ని. హాజరు పిలిచేటప్పుడు నలభై రెండు దాకా వచ్చేసరికి తలుపు వైపే చూస్తూ ఉండేదాన్ని. గుమ్మంలో ఎవరి నీడ పడినా ఆ గౌరే వచ్చేసిందనుకునేదాన్ని. ఆ పిల్ల ఎవరో, ఎందుకు రావడం లేదో తెలియదు. ఎప్పటికీ రాకపోతే బాగుణ్ణు అని కూడా అనుకున్నాను...

వినాయకచవితి సెలవు మర్నాడు ఆ గౌరి వచ్చింది.

సన్నగా, నూనె రాసి బిగించి అల్లిన రెండు జడలతో, వాళ్ళ అమ్మమ్మ చెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఇది యడ్ల గౌరి అమ్మా," అంది ఆ ముసలామె మేడమ్‌తో. "దీనమ్మకి ఒంట్లో బాగోక విశాఖ పెద్దాసుపత్రిలో ఉండిపోనాం. ఇన్నాళ్ళూ బడికి పంపనేకపోనాను."

మేడమ్ రిజిస్టరు తిప్పి చూశారు. "యడ్ల గౌరి రోజూ వస్తన్నాది కదా!" అని, తలెత్తి నా వైపు చూశారు.

లేచి నిలబడ్డాను.

"మేడమ్... నాను ఆ గౌరిని కాదు."

మేడమ్ మా ఇద్దర్నీ, ఆ అమ్మమ్మనీ హెడ్మాస్టరు గదికి తీసుకువెళ్ళారు. దారిలో మేడమ్ రిజిస్టరు తెరిచి, నలభై మూడు ఎదురుగా ఇన్నాళ్ళూ తను వేసిన హాజర్లే మళ్ళీ మళ్ళీ చూసుకున్నారు. అది చూశాక నాకు మరీ భయమేసింది... పెద్దవాళ్ళూ భయపడతారని అప్పటిదాకా తెలియదు.

గుమస్తా గారు ఒక్కో సెక్షన్ రిజిస్టరూ తిరగేసి, చివరికి ‘బి’లో నన్ను కనిపెట్టారు. పొట్నూరు గౌరి... మొదటి రోజు నుంచీ ఆబ్సెంట్. పేరు మీద ఎర్రసిరా గీత.

"మొన్న సోమవారమే కొట్టేసినాం సార్," అన్నారు.

ఇక నాకు బడి లేదనుకున్నాను. ఏడుపు ఆగలేదు.

"ఇన్నాళ్ళూ ఎందుకు సెప్పనేదమ్మా?" అని హెడ్మాస్టరు అడిగారు.

"బయమేసింది సార్."

"రేపు మీ నాన్నని తీసుకురా" అన్నారంతే. ఆ ముసలామె మాత్రం నా దగ్గరికొచ్చి చీరకొంగుతో ముఖం తుడిచింది. "నువ్వు పలకబట్టి మా పిల్ల పేరు ఉండిపోనాది. నేకపోతే దీని పేరూ కొట్టేసుందురు," అంది.

పుస్తకాలన్నీ గౌరికి ఇచ్చేశాను. అట్టలు వేసి ఉంచినవే. అందుకుంటూ, నేను అడక్కుండానే "మా అమ్మకి తగ్గిపోనాది" అంది. ఎప్పటికీ రాకూడదని నేను కోరుకున్న పిల్ల... దాని ముఖం వైపు చూడలేకపోయాను.

మర్నాడు నాన్న మిల్లు చొక్కాతోనే వచ్చాడు. ఇంట్లో గట్టిగా మాట్లాడే మనిషి, హెడ్మాస్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కొత్త దరఖాస్తు రాయించి, సంతకం పెట్టి, నన్ను ‘బి’ సెక్షన్ గుమ్మం దాకా దింపాడు. తిట్టలేదు. "ఎవుల్నైనా అడగాల్సింది కదమ్మా," అన్నాడు.

‘బి’లో మాస్టారు అందరి పేర్లూ అయ్యాక, చిట్టచివర "పొట్నూరు గౌరి" అన్నారు. నోరు పెగల్లేదు. కళ్ళజోడు పైనుంచి చూసి మళ్ళీ పిలిచారు. ఈసారి పలికాను... ఎంత గట్టిగానంటే ముందు బెంచీల వాళ్ళంతా వెనక్కి తిరిగి నవ్వారు.

ఇప్పుడు మా అమ్మాయీ అలాంటి పెద్ద హైస్కూల్లోనే చదువుతోంది. హాజరంతా మేడమ్ ఫోన్లోనే... రాకపోతే వెంటనే నాకు మెసేజ్ వచ్చేస్తుంది. ఏ పిల్ల పేరూ తప్పిపోదు, మంచిదే. మొన్న "మీ బళ్ళో పేర్లు ఎలా పిలుస్తారే?" అని అడిగితే, "పేర్లు పిలవడమెందుకమ్మా?" అంది.

మీ బళ్ళో మీ పేరు ఎవరు పిలిచేవారో, ఎలా పిలిచేవారో కింద రాయండి... మనం పలికేదాకా ఆగిన ఆ గొంతుల్ని ఒకసారి తలుచుకుందాం.